వినపడలేదు, మళ్లీ చెప్పండి

వీధిలో అందరూ ఆవిడని ట్రంకాల్ పిన్ని అంటారు. ముప్పై మూడేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు ఆపరేటరుగా చేసిన మనిషి. రిటైరై పదకొండేళ్లయినా ఆ ఉద్యోగం ఇంకా గొంతుని వదల్లేదు. పాలవాడితో మాట్లాడినా పక్క ఊరికి లైను కలుపుతున్నట్టే మాట్లాడుతుంది.

ఈ కాలపు సేవలంటే ఆవిడకి ఒళ్లు మంట. కరెంటు పోయిందని ఫోన్ చేస్తే అవతల ఓ మర "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అని వల్లిస్తుంది. నొక్కీ నొక్కీ వేలు నొప్పెట్టడమే గానీ మనిషి గొంతు వినపడదు. ఈలోగా కరెంటు దానంతటదే వచ్చేస్తుంది. అప్పుడు అదే మర "మా సేవ మీకు నచ్చిందా?" అని అడుగుతుంది. అది విన్నప్పుడల్లా ఆవిడ ఫోన్‌కేసి చూసి, నలుగురిలో అనకూడని మాటొకటి అంటుంది.

"మా రోజుల్లో..." అని ఆవిడ మొదలుపెట్టగానే కొడుక్కి బస్సు డిపోలో పని గుర్తొస్తుంది. కోడలు మాత్రం కూర్చుని వింటుంది. వినడం ఆ అమ్మాయి ఉద్యోగం కూడాను. ఫోన్ కంపెనీ ఫిర్యాదుల విభాగంలో చేరి ఐదు నెలలైంది. వెనకగదిలో కంప్యూటరు ముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఊరందరి తిట్లూ తింటుంది. ఇంకొక్క నెల గడిస్తే ఉద్యోగం ఖాయం చేస్తారు. ఈలోగా చిన్న తేడా వచ్చినా ఇంటికే. అయినా ఇప్పుడు ఇంట్లోనే ఉంది కదా, ఇంకెక్కడికి పంపుతారని మొగుడు వేళాకోళం చేస్తాడు. అతని ఒక్క జీతంతో ఇల్లు ఎలా ఈడ్చుకొచ్చారో తెలిసిన ఆడవాళ్లిద్దరూ ఆ మాటకి నవ్వరు.

"మా రోజుల్లో లైను చెడిపోతే లైన్‌మాన్ సైకిలేసుకుని వచ్చేవాడే. స్తంభమెక్కి బాగుచేసి, పైనుంచే మా బోర్డుకి ఫోన్ చేసేవాడు. 'అమ్మా, నా గొంతు వినిపిస్తోందా?' అని. మేం వినిపిస్తోందన్నాకే కిందకి దిగేవాడు. డాక్టరు గారు కావాలని ఎవరైనా కాల్ చేశారనుకో, ఈపాటికి ఆయన ఆస్పత్రిలో ఉండడు, తమ్ముడింట్లో ఉంటాడని మేమే అక్కడికి కలిపేవాళ్లం."

"అంటే ఎవరెక్కడ తిరుగుతున్నారో అంతా మీ గుప్పిట్లో ఉండేదన్నమాట. ఇప్పుడా పని మెషీన్ చేస్తే గోల చేస్తారేంటి అత్తయ్యా?"

"మెషీనుకి సిగ్గుండదు. మాకుండేది. విన్నది అక్కడికక్కడే మర్చిపోయేవాళ్లం."

అలా మాటల్లో మాటగా ఒకరోజు ఆవిడ తన ఉద్యోగంలోకెల్లా కష్టమైన పని గురించి చెప్పింది. దూరం లైన్లలో ఒక్కోసారి అవతలివాళ్ల గొంతు ఇవతలివాళ్లకి అందేది కాదు. మధ్యలో ఉన్న ఆపరేటరుకి మాత్రం రెండూ వినిపించేవి. అప్పుడు ఆపరేటరే ఆ మాట ఇటు, ఈ మాట అటు అందించాలి. ఒక్క మాట చేర్చకూడదు, ఒక్క మాట తగ్గించకూడదు. "ఆయన ఆదివారం వస్తాడట" అనడానికి లేదు. "నేను ఆదివారం వస్తాను" అనే చెప్పాలి.

"అలా రోజుకి నలుగురికి మొగుణ్ణీ, ఇద్దరికి మామగారినీ అయ్యేదాన్ని," అంది ఆవిడ. కోడలు పడీపడీ నవ్వింది.

"నవ్వకు. ఒక్కోసారి ఎలాంటి మాటలు వచ్చేవనుకున్నావు! 'ఇక ఈ జన్మలో నీ మొహం చూడనని చెప్పండి' అనేవాళ్లు. చెప్పింది చెప్పినట్టు అందించడమే నా పని. కానీ నా నోటితో ఆ మాట ఎలా అనేది? అందుకని, శుభ్రంగా వినపడినా సరే, 'వినపడలేదండీ, మళ్లీ చెప్పండి' అనేదాన్ని. రెండోసారి చెప్పేటప్పటికి సగం కోపం దిగిపోయేది. మూడోసారి అడిగితే, 'ఏం లేదులెండి, ఒంట్లో జాగ్రత్తగా ఉండమనండి' అనేవాళ్లు. అప్పుడా మాట అందించేదాన్ని."

"రూల్సు ఒప్పుకుంటాయా?"

"మళ్లీ అడగకూడదని రూల్సు పుస్తకంలో ఎక్కడుంది?" అంది ఆవిడ దర్జాగా. ఎన్ని కాపురాలు తన చేతి తీగల మీద నిలబడ్డాయో లెక్క లేదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం ఉత్తదేం కాదు.

ఆ మాటలైన మూడు వారాలకి, ఒక బుధవారం పొద్దున్న కోడలు వెనకగదిలోంచి తెల్లబోయిన మొహంతో వచ్చింది. పదకొండు గంటలకి సూపర్‌వైజరు కంప్యూటర్లో మాట్లాడతాడట. ముందు వారం వచ్చిన ఒక ఫోన్ గురించి సంజాయిషీ ఇవ్వాలట.

"ఏం చేశావే?"

"మీరు చేసిందే చేశాను అత్తయ్యా."

ఒకాయన ఫోన్ చేశాడు. తమ్ముడి నంబరు ఆయన పేరు మీద ఉందట. ఇప్పుడే, ఈ క్షణమే దాన్ని శాశ్వతంగా తీసేయమన్నాడు. వాడు నా తమ్ముడే కాదు, వాడు ఎటుపోయినా నాకనవసరం అన్నాడు. ఒకసారి తీసేస్తే ఆ నంబరు ఇంకెవరికో వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. కోడలికి ప్రతి మాటా వినపడింది. అయినా "వినపడలేదండీ, మళ్లీ చెప్పండి" అంది. ఆయన మళ్లీ చెప్పాడు. ఇంకోసారి అడిగింది. మూడోసారికి ఆయన గొంతు బొంగురుపోయింది. "ఉండనివ్వండి, అవసరమైతే నేనే చేస్తా" అని పెట్టేశాడు.

ఆయన మళ్లీ ఫోన్ చేయనూ లేదు, ఫిర్యాదు ఇవ్వనూ లేదు. కానీ కంపెనీ ప్రతి కాల్‌నీ రికార్డు చేస్తుంది. దాన్ని విని మార్కులు వేసేవాళ్లు వేరే ఉంటారు. నాలుగు నిమిషాల్లో అయిపోవాల్సిన కాల్ పదకొండు నిమిషాలు సాగింది, అడిగిన పని జరగలేదు, లైను శుభ్రంగా ఉండగా వినపడలేదని అబద్ధం చెప్పారని వాళ్లు రాశారు.

 కోడలికున్న ఉద్యోగం కాస్తా తన కబుర్ల వల్ల ఊడిపోయేలా ఉంది. ఇంట్లో ఊరికే కూర్చుని గొప్పలు చెప్పుకోకపోతే ఏం పోయేదని పిన్ని తనని తానే తిట్టుకుంది.

"నేను మాట్లాడతాను. తప్పు నాదని చెప్తాను."

"మీరు నోరు మెదపకండి అత్తయ్యా. ప్లీజ్. నేను చూసుకుంటా."

పదకొండుకి కోడలు కంప్యూటరు ముందు కూర్చుంది. పిన్ని తలుపు పక్కన, తెర మీద కనపడకుండా పీట వేసుకుని, బీన్స్ తుంచుతున్నట్టు కూర్చుంది. ఒక్క కాయా తుంచలేదు.

సూపర్‌వైజరు కుర్రాడే గానీ పొగరున్నవాడు కాదు. ముందు రికార్డు వినిపించాడు. పిన్ని చెవులు రిక్కించింది. అవతలి మనిషి కోపం, ఆయన ఊపిరి, వెనకాల ఎక్కడో తిరుగుతున్న ఫ్యాన్ చప్పుడుతో సహా అన్నీ తేటగా వినిపించాయి. ఆవిడ జీవితంలో అంత శుభ్రమైన లైను వినలేదు. మధ్యలో కోడలి గొంతు వచ్చింది. తొందర లేదు, విసుగు లేదు, జాలి ఒలకబోయడం అంతకన్నా లేదు. ఎవరికైనా సరే మళ్లీ చెప్పాలనిపించేలా అడిగింది. శిక్షణలో తను ఎంతమంది ఆడపిల్లలకి నేర్పినా, ఇంత బాగా పట్టుకున్న పిల్ల ఒక్కతీ లేదు. అంత భయంలోనూ పిన్నికి ఛాతీ ఉప్పొంగింది.

"లైను బాగానే ఉంది కదండీ," అన్నాడు సూపర్‌వైజరు.  తర్వాత కొంచెం గొంతు తగ్గించాడు. "చూడండి, మీ పని బాగుంటుందని నాకు తెలుసు. ఆ రోజు మీ హెడ్‌ఫోన్ పాడైందా? అలాగైతే చెప్పండి, అదే రాసేస్తాను. ఇక్కడితో అయిపోతుంది."

అవునని చెప్పవే, అని పిన్ని మనసులోనే అరిచింది. వెంటనే ఆవిడకి సిగ్గేసింది. ఎందుకంటే ఆవిడ అలాగే చెప్పింది ఒకప్పుడు. లైను బాగానే ఉండగా అన్నిసార్లు ఎందుకడిగావని సెక్షన్ ఆఫీసరు నిలదీస్తే, తడుముకోకుండా "లైన్లో గరగర సార్" అనేసింది. ఆ గరగర కోసం మెకానిక్ రెండు రోజులు బోర్డు వెనక దూరి ప్రతి తీగా విప్పి చూశాడు. ఏమీ దొరక్క, పని చేతకాదని మెమో తిన్నాడు. ఆవిడ అతనికి కాఫీ తెప్పించి ఇచ్చింది గానీ నిజం చెప్పలేదు. ముప్పై మూడేళ్లలో ఒక్క మచ్చ లేదని వీధంతా చెప్పుకు తిరిగింది గానీ, ఈ ముక్క మాత్రం ఎవరి దగ్గరా ఎత్తలేదు.

"హెడ్‌ఫోన్ బాగానే ఉందండి," అంది కోడలు. "నాకు మొదటిసారే వినపడింది."

"మరి?"

"నంబరు తీసేస్తే మళ్లీ రాదు. ఆయన కోపంలో ఉన్నారు. ఇంకోసారి ఆలోచించుకోవడానికి కాస్త టైం దొరుకుతుందని అడిగాను. వినపడలేదని అబద్ధం చెప్పడం తప్పే. అది ఒప్పుకుంటున్నాను. అడిగినందుకు మాత్రం నేను బాధపడట్లేదండి."

"ఇంకోసారి ఇలాంటి కాల్ వస్తే?"

"అబద్ధం చెప్పను. 'తీసేస్తే మళ్లీ రాదండీ, ఖాయమేనా?' అని నేరుగా అడుగుతాను. అప్పటికీ తీసేయమంటే తీసేస్తాను."

సూపర్‌వైజరు కాసేపు ఏదో టైపు చేశాడు. సాయంత్రానికి మెయిల్లో ఉత్తరం వస్తుందని చెప్పి వెళ్లిపోయాడు. కోడలు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

పిన్ని లేచి వెళ్లి ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. అప్పుడే, అక్కడే, మెకానిక్ సంగతి మొత్తం చెప్పేసింది. ఒక్క మాట చేర్చలేదు, ఒక్క మాట తగ్గించలేదు.

"మా లైన్లలో ఎప్పుడూ ఏదో ఒక గరగర ఉండేదే. దాని చాటున ఎన్ని మంచి పనులు చేసినా చెల్లిపోయింది. నీకు దాక్కోవడానికి ఆ గరగర కూడా లేదు. అయినా చేశావు. చేసి, చేశానన్నావు."

 కోడలు తన తల మీదున్న ఆవిడ చెయ్యి పట్టుకుంది.

నాలుగున్నరకి ఉత్తరం వచ్చింది. హెచ్చరిక ఇచ్చారు. రెండు వారాలు మళ్లీ శిక్షణకి కూర్చోవాలి. ఉద్యోగం ఖాయం కావడం మూడు నెలలు వెనక్కి జరిగింది. కానీ తీసెయ్యలేదు. కోడలు చదివి ఊపిరి పీల్చుకుంది. పిన్ని కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, హెచ్చరిక అన్న మాటని బంగారు పతకం మీద అక్షరాలు చూసినట్టు చూసింది.

తర్వాత వాకిట్లో కుర్చీ వేసుకుని పాత ఆపరేటర్లందరికీ వరసగా ఫోన్లు కలిపింది. ప్రతి ఒక్కరికీ కోడలి కథ మొదటినుంచీ చెప్పింది. తన కథ కూడా దాచకుండా చెప్పింది. నాలుగో ఫోన్ తనకి పని నేర్పిన పెద్దావిడకి. ఆవిడ అంతా విని అడిగింది.

"ఎవరు నేర్పారే ఆ పిల్లకి? నువ్వేనా?"

"మళ్లీ చెప్పండి అనడం నేనే నేర్పానక్కా," అంది పిన్ని. "మిగతాది నేను నేర్పలేదు. అది నాకే రాదు."

వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూసేంత గట్టిగా చెప్పిందా మాట.