టిక్ పెదవి మీద గాటు

రక్తం ఎంతసేపట్లో ఆగుతుందో చూద్దామని, టిక్ అనే కుక్కకి పెదవి లోపల చిన్న గాటు పెట్టాను. కాసేపట్లో దానంతటదే ఆగాల్సిన రక్తం అది. కాగితంతో అద్దుతున్నాను, మళ్ళీ ఎర్రగా ఊరుతోంది. ఇంకో కాగితం తీశాను, అదీ ఎర్రబడింది. నా సహాయకురాలు రెనీ గడియారం వంక చూసి, నా వంక చూసి, ఆపరేషన్‌కి కత్తెరలు సర్దడం మొదలెట్టింది.

"సర్దక్కర్లేదు. ఇవాళ ఆపరేషన్ లేదు," అన్నాను.

టిక్ అన్నది వెర్ల్ క్రెయ్‌చీ గారి పశువుల కుక్క. పోయిన వేసవిలో ఆవుల్ని లారీ ఎక్కిస్తుంటే ఒకటి తన్నింది. ముందుకాలు మణికట్టుకి కాస్త పైన విరిగింది. స్టీలు ప్లేటు వేసి బిగించాను. ప్లేటు నిలిచింది కానీ ఎముక అతకలేదు. అక్కడ కండా తక్కువే, రక్తమూ తక్కువే. అందుకే ఇవాళ రెండోసారి కోయాలనుకున్నాను. టిక్ రక్తమే తీసి, యంత్రంలో గిర్రున తిప్పి, అందులోంచి ప్లేట్‌లెట్లు వేరుచేసి, దాని భుజం ఎముకలోంచి గీకిన గుజ్జుతో కలిపి ఆ విరుగు సందులో జిగురులా కూరాలి. పడుకున్న ఎముకని లేపే సరుకంతా ఆ ప్లేట్‌లెట్లలోనే ఉంటుంది. ఈసారీ అతకకపోతే కాలు తీసెయ్యడమే. మూడు కాళ్ళ కుక్క ఆవుల ముందు ఎన్నాళ్ళో నిలవదు. వెర్ల్ తుంటి అరిగిపోయి గుర్రమెక్కలేడు. ఆ దిబ్బల మీద నుంచి మందని దింపుకొచ్చేది టిక్ ఒక్కటే.

అందుకే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. నేనిచ్చిన మాత్రలు తప్ప నొప్పికి ఇంకేమీ పెట్టొద్దని, పెడితే ప్లేట్‌లెట్లు మొద్దుబారిపోయి రక్తం గడ్డకట్టదని, మొద్దుబారినవి కూరినా ఒకటే, కూరకపోయినా ఒకటేనని. వెర్ల్ టోపీ తీసి మరీ తలూపాడు.

ఇప్పుడు బయట బెంచీ మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. నేను నిలబడే అడిగాను.

"వెర్ల్, దానికేం మందు పెట్టారు?"

"నువ్విచ్చిన మాత్రలే."

"ఇంకా?"

"ఇంకేం లేదు. నువ్వు వద్దన్నావుగా."

"అబద్ధాలొద్దు. దాని రక్తం ఆగడం లేదు."

"చూడమ్మాయ్, ఆ మాట జాగ్రత్త. మీ నాన్న కూడా నన్నెప్పుడూ అంత మాట అనలేదు."

"మా నాన్న సంగతి తర్వాత. నొప్పికి ఏమీ పెట్టలేదా? పూసింది, తాగించింది, నాకించింది, ఏదైనా?"

గెడ్డం గోక్కున్నాడు. "కాస్త పేస్టు. అది మందు కాదుగా."

"ఏ పేస్టు?"

"గుర్రాలదే. గుర్రపు జీన్లు పెట్టే గదిలో ఉండే గొట్టం. చిక్కుడు గింజంత రొట్టె మీద రాసి పెట్టా. నేనూ రోజూ తింటూనే ఉన్నా, తుంటికి. నేనేమన్నా చచ్చానా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ ప్రాంతంలో ఆ గొట్టం లేని కొంప లేదు. కుంటే గుర్రానికి అదే, ముసలాయన మోకాలికి అదే, ఇంటావిడ వేళ్ళ వాపుకీ అదే. ఆస్పత్రి చీటీ అంటించిన సీసాలో ఉంటేనే వీళ్ళకి మందు. ఈ పేస్టు వీళ్ళ లెక్కలో ఉప్పూ మిరియాల పక్కన ఉండేదే. బైబిలు మీద చెయ్యేయించి అడిగినా మందేమీ పెట్టలేదనే అంటారు, నిజం చెప్పామనే అనుకుంటారు.

"దాని కాలు మీరే తీసేస్తున్నారు, తెలుస్తోందా?" అని అరిచాను. "రంపం నా చేతిలో ఉంటుంది గానీ, కోసేది మీరే."

వెర్ల్ మొహం పాలిపోయింది. అయినా నాకు జాలి కలగలేదు.

అప్పుడు డాలీ గుర్తొచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ఇంకో కుక్క రక్తమైనా ఈ పనికి సరిపోతుంది. డాలీ మా ఇంటి కుక్క, దిట్టమైన పిల్ల. ఇదివరకూ ఇక్కడి కుక్కలకి రక్తమిచ్చింది. డాలీ రక్తంలోంచి జిగురు తీసి దాచుకుంటే, టిక్ రక్తం పూర్తిగా బాగుపడేదాకా ఆగకుండా, కాస్త కుదుటపడగానే కోసెయ్యొచ్చు. మా ఆయన కర్ట్‌కి ఫోన్ చేసి డాలీని ఉన్నపళంగా తీసుకురమ్మన్నాను. చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోకుండా వచ్చాడు.

డాలీ పెదవి మీదా గాటు పెట్టాను. కాగితం అద్దాను. మళ్ళీ అద్దాను. ఎర్రగానే ఉంది.

"కర్ట్."

"ఊఁ."

"దీనికేం పెట్టావు?"

బూట్ల వంక చూశాడు. "ఆదివారం బాతుల వేట నుంచి వచ్చాక కుంటుతుంటేనూ... ఆ పేస్టు కొంచెం పెట్టాను."

"ఎక్కడిది?"

"నీ బండి సొరుగులోదే."

గుమ్మం దగ్గర నుంచి వెర్ల్ గొంతు వినిపించింది. "డాక్టరమ్మ ఇంట్లోనూ ఆ పేస్టే వడ్డిస్తున్నారన్నమాట."

కర్ట్‌ని ఏం తిట్టానో రెనీని అడగాలి, నాకు గుర్తులేదు. డాలీని బండెక్కించుకుని పోయాడు. పళ్ళు నూరుకుంటూ లోపలికొచ్చి, టిక్‌ని బోనులో పడుకోబెట్టాను. రక్తం దారికొచ్చేదాకా ఇది ఇక్కడే ఉంటుందని, దాని నోట్లో ఎవరైనా వేలు పెడితే ఆ వేలు విరుస్తానని చెప్పాను. అల్మారా తాళం తీసి సూది వేశాను. కొద్దిసేపటికి టిక్ వణుకు తగ్గింది. గెడ్డం పాదాల మీద ఆనించి, ఒక్క నిట్టూర్పు విడిచి నిద్రపోయింది.

వెర్ల్ బోను ఊచలు పట్టుకుని లోపలికి వంగి చూశాడు.

"ఏంటది, ఇచ్చింది?"

"నొప్పికే. ఇది ప్లేట్‌లెట్ల జోలికి వెళ్ళదు."

"మరి నాకెందుకివ్వలేదు?"

"ఇంటికి పంపకూడదు. తాళంలో ఉంచాల్సిన మందు. చట్టం ఒప్పుకోదు."

"ఇక్కడే ఉంచుకుని నువ్వే పొడవచ్చుగా."

"మాత్రలు సరిపోతాయనుకున్నాను."

"సరిపోవట్లేదని ఫోన్ చేశా. ఒకసారి కాదు." అతని గొంతు పెరగలేదు. "రాత్రిళ్ళు నా మంచం కింద దూరి ఏడుస్తోందని చెప్పా. నువ్వు పనిలో ఉన్నావంట. ఓపిక పట్టమని ఈ అమ్మాయితో చెప్పించావు. ఓపిక నాకుందమ్మా. దానికి చెప్పాల్సింది ఆ మాట."

రెనీ వంక చూశాను. అవునన్నట్టు తల దించుకుంది. ఆ మాట చెప్పించింది నేనే. ఆ రోజు ఈనలేకపోతున్న ఆవు దగ్గర మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నాను. తర్వాత మర్చిపోయాను.

వెర్ల్ టోపీ పెట్టుకుని, తుంటి పట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

రెండు వారాలు గడిచాక గాటు పెడితే రక్తం చప్పున ఆగింది. టిక్ రక్తంతోనే జిగురు చేసి కూరాను. చలికాలం పోయేసరికి ఎక్స్‌రే ఫొటోలో ఆ సందు మీదుగా తెల్లగా ఎముక కట్టింది. ఇప్పుడది నాలుగు కాళ్ళ మీద ఆవుల్ని తోలుతోంది. దాని పిచ్చికుక్క టీకాకి మాత్రం వెర్ల్ నా ఆస్పత్రి దాటిపోయి, రెండు గంటలు బండి నడుపుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడు.

ఆ బండి నా కిటికీ ముందు నుంచి పోతుంటే ఒళ్ళు మండిపోతుంది. కాలు నిలబెట్టింది నేను కాదా అని గట్టిగా అరవాలనిపిస్తుంది. అంతలో మంచం కింద దూరి ఏడ్చిన కుక్క గుర్తొస్తుంది. కిటికీ మూసేస్తాను.