ఆయన స్తోత్రం చెప్పేదాకా

“మాత్రలు ఇప్పించినాను గదా, ఇంకా మంటేంది మగ్దలీనా? నీకు విశ్వాసమే తక్కువ,” అన్నాడు జీవానందం, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, ఇప్పుడు సంఘపెద్దగా సాయంత్రాలు ఇంటింటి ప్రార్థనలు నడిపే మనిషి.

మగ్దలీనమ్మ వంటింట్లోకి నడిచింది. ఇదే ఛాతీమంట జబ్బు ఆయనకు వచ్చినప్పుడు ఇల్లంతా మారిపోయింది. కూరల్లో కారం పోయింది, తల ఎత్తుగా ఉండేట్టు ఆయన మంచం కోళ్ల కింద ఇటుకలు చేరాయి. అరవై ఎనిమిదేళ్ల వయసులో ఆమెకు వస్తే ఇంట్లోకి మాత్రలు మాత్రమే వచ్చాయి. మార్కాపురం డాక్టరు “రాత్రి ఎప్పుడు తింటారమ్మా?” అని ఆమెను అడిగితే, “ఎనిమిదికల్లా తినేస్తామండీ,” అని భర్తే జవాబిచ్చాడు. ఆ మాట ఆయన మటుకు నిజమే. ప్రార్థన పెట్టుకున్నవాళ్లు ఆయనకు వేళకు భోజనం పెట్టి పంపుతారు. ఆయన ఇల్లు చేరి, ఆమె కంచం మీద చెయ్యి చాపి స్తోత్రం చెప్పేసరికి పది దాటుతుంది. “ఇంటి మగోడు స్తోత్రం చెప్పని కూడు ముట్టగాకమ్మే,” అని కాపురానికొచ్చిన కొత్తలో అత్త చెప్పిన మాట. ఆమె తిని, అంట్లు తోమి, నడుం వాల్చగానే పుల్లనీళ్లు గొంతుకు ఎగదన్నేవి. ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చుంటే, “నిద్ర పోనియ్యవా?” అనేవాడు.

ఈమధ్య ముద్ద గొంతు దిగడం లేదు. ఈ పొద్దున పక్కింటి ఝాన్సీ ఆసుపత్రికి తోడు వచ్చి, డాక్టరుతో దాచకుండా చెప్పేసింది: “మామ తిని వస్తాడు సార్. అత్త ఆయన ప్రార్థన కోసం కాసుకోనుంటది.”

డాక్టరు రాయడం ఆపాడు. “ఇంక మందు పెంచి లాభం లేదమ్మా. అన్నవాహికలో పుండు పడింది. మాత్ర వేసుకున్న అరగంటకు తినండి, పొద్దు గూకేలోపే. తిన్నాక మూడు గంటలైనా పడుకోవద్దు. లేదంటే రేపు నీళ్లు మింగడమూ కష్టమే.”

ఇప్పుడు, మాత్ర వేసుకున్న అరగంటకు, ఆమె కంచంలో అన్నం పెట్టుకుని ఆయన ముందుకు వచ్చింది. “ఏమండీ, స్తోత్రం చెప్పి పోండి. ఇప్పుడే తింటాను.”

“పొద్దుండగానే కూడేంది? వచ్చినాక చెప్తాలే. ప్రభువు నలభై దినాలు ఉపవాసముండె, నువ్వు పదింటిదాకా ఉండలేవా?” అని నవ్వుతూ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

ఆమె నేలమీద కూర్చుని కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లూ విన్న ఆయన స్తోత్రం మాటలే నాలుక మీదికి వచ్చాయి. వాటిని పక్కకు నెట్టింది.

“ప్రభువా, వండింది నేను. ఆకలి నాది. ఈ అన్నాన్ని దీవించు. ఆమేన్,” అంది, వాకిటిదాకా వినబడేట్టు.

గడపవతల చెప్పుల చప్పుడు ఆగిపోయింది. ఆమె ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.