పదో పుస్తకం

మైదా బంక పలచనైందని అప్పలసూరి దాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టి, నాలుగు తిప్పులు తిప్పి దించాడు. ముందుగదిలో చాప మీద హిందీ వాచకాలు పది వరసగా పరిచి ఉన్నాయి. తొమ్మిదింటి పని అయిపోయింది. పదోదాని మీదికి వంగి, కత్తిరించి పెట్టుకున్న తెల్లచీటీ తీసి, వెనక బంక రాసి, హిందీ అక్షరాలు సరిగ్గా మూసుకుపోయేలా అంటించి, లుంగీ అంచుతో అద్దాడు. చీటీ మీద తన గుండ్రని చేతిరాతలో తెలుగు మాట. బొమ్మ వాళ్ళది, మాట మనది. తూకం కాగితాల కొట్లో ఏరుకొచ్చిన పుస్తకాలివి. తెలుగు వాచకాల కోసం విజయవాడకు ఉత్తరాలు రాసి రాసి అప్పలసూరి ఎప్పుడో విసిగిపోయాడు.

అరవై రెండేళ్ళ మనిషి. సన్నగా, కాస్త వంగి ఉంటాడు. కళ్ళజోడు కాడ విరిగితే దారం చుట్టుకున్నాడు. బతుకుతెరువుకు వచ్చి చేరిన ఈ ఉక్కు ప్లాంటు హిందీ ఊళ్ళో, ముప్పై ఏళ్ళుగా సెక్టర్ 2 మార్కెట్లో ఒక టైపింగు షాపులో పరిశోధన గ్రంథాలు టైపు చేస్తున్నాడు గనుక వేళ్ళ కొసలు చదునుగా అరిగిపోయాయి. ఎవరెవరో డాక్టర్లయ్యారు ఆ వేళ్ళ మీదుగా. ఈయన మాత్రం ఆ కుర్చీలోనే ఉన్నాడు. అదేమీ ఆయనకు బాధ కాదు. ఆయన బతుకంతా ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకానే. క్యాంప్ 1 లో తెలుగు సంఘం వెనక గదిలో పిల్లలకు తెలుగు చెబుతాడు. ఒకప్పుడు ఆ గదిలో నూట ఇరవై మంది పిల్లలు చోటు చాలక కిటికీల్లో కూర్చునేవారు. ఇప్పుడు నలుగురు.

"ఏటి, ఆదివారం పూట కూడా ఈ బంకేటి?" అంది భార్య నూకమ్మ వంటింట్లోంచి. "ఎండ సూసినావా? గంజన్నా తాగెల్లు."

"వొచ్చి తాగుతాను. ఇయ్యాల పదిమందిని కూడగట్టాల. మల్లేశ్వరరావు మాట ఇనలేదేటి?"

ఆ మాట ఆమె వారం రోజులుగా వింటూనే ఉంది. సంఘం ప్రెసిడెంటు మల్లేశ్వరరావు కాంట్రాక్టరు. చెడ్డవాడేం కాదు, పండక్కి పిల్లలకు పలకలు కొనిచ్చిన మనిషే. కానీ కోచింగ్ సెంటరు వాళ్ళు ఆ గది కావాలని వచ్చి కూర్చుంటే కమిటీలో అందరూ తలాడించారు. "మాస్టారూ, నానొక్కణ్ణీ ఏటి చెయ్యను? వొచ్చే ఆదివారం పదిమంది పిల్లలు కూర్చుంటే గది మీదే. లేపోతే వొదిలెయ్యాల" అన్నాడు.

పది అనగానే అప్పలసూరికి నవ్వొచ్చింది. దానికో కారణముంది. చలికాలంలో శ్రుతి అనే పరిశోధక విద్యార్థిని దుర్గ్ నుంచి ఒక గ్రంథం టైపుకు తెచ్చింది. తొలినాళ్ళ అమెరికాలో యూదుల చదువుల చరిత్ర. ముప్పై ఏళ్ళలో అక్షరాలు చూశాడే గాని అర్థం చూడని మనిషి, ఆ గ్రంథం మాత్రం చదివాడు. సముద్రం దాటి వచ్చిన గుప్పెడు మంది న్యూయార్కులో ప్రార్థన మందిరం పక్కన బడి పెట్టుకున్నారట. మొదట హీబ్రూ ఒక్కటే. తర్వాత తల్లిదండ్రులే ఇంగ్లీషూ లెక్కలూ కూడా చెప్పమన్నారట. పిల్లవాడికి ఏడాదికో బండెడు కట్టెలు బడికి తెచ్చివ్వాలట. సరైన మాస్టారు దొరక్క ఆ బడి మూతపడటం, మళ్ళీ తెరవటం. వాళ్ళ ప్రార్థనకు పదిమంది ఉండాలి, తొమ్మిదైతే జరగదు. ఇంకో వందేళ్ళకు ఫిలడెల్ఫియాలో ఒకావిడ ఆదివారం బడి పెడితే, తమ పుస్తకాలు లేక క్రైస్తవుల పుస్తకాలు తెచ్చి, తమకు పనికిరాని జవాబుల మీద కాగితం అంటించి పిల్లలకిచ్చారట. ఆ పేజీ టైపు చేసిన సాయంత్రమే అప్పలసూరి తూకం కొట్టుకెళ్ళి ఈ వాచకాలు తెచ్చాడు. తనలాంటివాళ్ళు లోకంలో ఇంకెక్కడో ఉన్నారనుకుంటే కొండంత ధైర్యం వచ్చింది ఆయనకి.

పదో పుస్తకంలో మొదటి పేజీ ఒకటే మిగిలింది. హిందీలో అ అంటే అనార్, దానిమ్మకాయ; ఈ ఒక్క పేజీలో బొమ్మ కూడా మూసి, ఆ చోట 'అమ్మ' రావాలి. తొమ్మిదింటికీ పాత క్యాలెండర్లలోంచి తల్లుల బొమ్మలు కత్తిరించి పెట్టాడు. పదోదానికి బొమ్మ దొరకలేదు. తనకా, నిలువు గీత కూడా సరిగ్గా రాదు. చీటీ అడుగున అమ్మ అని రాసి, పైన డబ్బా గీసి ఖాళీగా వదిలేసి అంటించాడు. ఎవరికొస్తే వాళ్ళు గీసుకుంటారు.

పుస్తకాలు సంచీలో వేసుకుని, సైకిలు తీసి, పొద్దున తొమ్మిది గంటలకల్లా వీధిలో పడ్డాడు.

ఏప్రిల్ నెలాఖరు. క్యాంపు సందుల్లో అప్పుడే కుక్కలు మోరీల్లోకి దిగి పడుకున్నాయి. ముందు క్యాంపులోనే ఐదారిళ్ళు తిరిగాడు. తండ్రులంతా ఒకప్పుడు ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే. కొందరు కాళ్ళకు దణ్ణం పెట్టారు. పిల్లల మాటెత్తితే ఫోను చూసుకున్నారు. ఒక ఇంట్లో ఇద్దరూ, మరో ఇంట్లో ఒకరూ వస్తామన్నారు. పాత నలుగురితో కలిపి అప్పటికి ఏడుగురు. పవర్ హౌస్ దగ్గర రైలు పట్టాల కింది దారిన సెక్టర్ 2 కి వెళ్ళేసరికి పదకొండు దాటింది. అక్కడ ప్లాంటు క్వార్టర్లో అరుణకుమారి ఉంది. ఆమెకు కవల పిల్లలు.

"మాస్టారూ, తెలుగు నేర్సుకుంటే మార్కులొస్తాయేటండీ?" అని అడిగింది అరుణకుమారి. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

ఈ ప్రశ్నకు ఆయన దగ్గర పాతికేళ్ళుగా పెద్ద ఉపన్యాసం ఉంది. తాతల ఉత్తరాలు, పద్యాలు, ఊళ్ళో ముసలమ్మతో మాట్లాడటం. అదంతా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "ఒక్క పూటకి పంపమ్మా. లెక్కకి" అన్నాడు. అని సిగ్గుతో చచ్చిపోయాడు. తన నోట ఇలాంటి మాట ఒకనాడు వస్తుందనుకోలేదు.

ఆమె జాలిపడింది. ఇద్దరినీ పంపుతానంది.

తొమ్మిది. తర్వాత ఇంకో ఎనిమిది తలుపులు కొట్టాడు. కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాడంటారే, అలా తిరిగాడు. పదో పిల్ల దొరకలేదు. నిజం చెప్పాలంటే పదో పిల్ల ఎక్కడుందో ఆయనకు పొద్దుటినుంచీ తెలుసు. సెక్టర్ 4 లో ఉంది, సొంత మనవరాలు బిందుప్రియ. అక్కడికి వెళ్ళకుండా పని జరిగిపోతే చాలని ఆ ఇంటిని చివరికి నెట్టుకుంటూ వచ్చాడు. ఒంటిగంటన్నరకి ఇక వేరే దారి లేక సైకిలు అటు తిప్పాడు.

కూతురు ప్రసూన తలుపు తీసింది. కుర్చీ వేసి, చల్లటి షర్బత్ గ్లాసు స్టూలు మీద పెట్టింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ మాట్లాడుకునేది హిందీలోనే. ముప్పై ఏళ్ళుగా అంతే. ఆయన వచ్చిన పని చెప్పాడు. తొమ్మిదేళ్ళ బిందు గది గుమ్మంలో నిలబడి సంచీలోని పుస్తకాల వంక చూస్తోంది.

"పాపా, ఆజ్ ఉస్‌కా టెస్ట్ హై" అంది ప్రసూన, ఇవాళ దానికి పరీక్ష ఉందని.

"తొమ్మిదిమంది అయ్యారు. ఒక్కరే తక్కువ. రెండు గంటలు, అంతే" అన్నాడాయన హిందీలోనే.

ప్రసూన స్టూలు మీది గ్లాసు ఆయన దగ్గరికి జరిపింది. తర్వాత, ఎందుకో మరి, వచ్చీరాని తెలుగులో మొదలుపెట్టింది. "నేను ఫస్ట్ క్లాసులో ఉన్నప్పుడు టీచర్ నీకు చెప్పింది కదా, ఘర్ మే హిందీ బోలో అని. నువ్వు అమ్మకి చెప్పావు. అమ్మకి హిందీ రాదు. రెండు సాల్ అమ్మ నాతో మాట్లాడలేదు పాపా. జడ వేసింది, అన్నం పెట్టింది, మాట్లాడలేదు. అమ్మకి నేనంటే పసంద్ లేదనుకున్నాను నేను. తర్వాత నువ్వు ఆదివారం వెళ్ళి అందరి పిల్లలకి తెలుగు చెప్పావు. ఇప్పుడు నీకు పదో నంబర్ కావాలి, అందుకని నా పిల్ల కావాలి."

ఆ రోజు అప్పలసూరికి కళ్ళకు కట్టినట్టుంది. స్కూల్లో టీచరమ్మ ముందు చేతులు కట్టుకుని జీ మేడమ్ అన్నాడు. ఇంటికొచ్చి నూకమ్మతో, పిల్ల ముందు మన మాట ఎత్తకు, దాని బతుకు పాడైపోద్ది అన్నాడు. పాలకొండ పక్క పల్లె నుంచి వచ్చిన నూకమ్మ ఆయన మాటకు ఎదురు చెప్పదు. నోరు మూసుకోమంటే మూసుకుంది. పిల్ల చక్కగా హిందీలో ఫస్టొచ్చింది. రెండేళ్ళ తర్వాత ఇక మాట్లాడమంటే, తల్లికీ పిల్లకీ మాట్లాడుకోవటం అలవాటు తప్పిపోయింది. ఆదివారం బడికి ఆయన అప్పుడే ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో ఎవరికీ చెప్పలేదు.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు, తెలుగులో. కూతురితో తెలుగులో మాట్లాడటం ఆయన గొంతుకే కొత్తగా అనిపించింది. షర్బత్ ముట్టుకోకుండా లేచాడు. కూతురు ఆపబోయింది గాని ఆగలేదు. ఏ మొహం పెట్టుకుని తాగుతాడు.

రోడ్డు మీద తారు మెత్తబడింది. పట్టాలు దాటేసరికి తల పగిలిపోతోంది. ఓ చోట సైకిలాపి కాలవలోకి వాంతి చేసుకున్నాడు. చొక్కా ఆరిపోయి ఉంది, చెమట పట్టడం ఎప్పుడో మానేసింది. నూకమ్మ ఫోన్ చేసింది.

"అన్నానికి రావేటి?"

"నేరుగా బడికెల్తన్నాను. ప్రసూన పంపదంట." కాస్త ఆగి, "సిన్నప్పుడు నువ్వు తనతో మాట్లాడ్నేదని బాదపడింది నూకా. అదింకా మర్సిపోనేదు" అన్నాడు.

నూకమ్మ ఫోను పెట్టేసింది.

మూడింటికి గది తాళం తీశాడు. ఊడ్చాడు. చాపలు పరిచాడు. బిందెలో నీళ్ళు లేవు, కుళాయి ఐదింటికి గాని రాదు. పుస్తకాలు ఒక్కో చోటా పెట్టుకుంటూ వచ్చి, పదోది తన కుర్చీ పక్కన, గోడవార చాప మీద పెట్టాడు. అది పెట్టడానికి వంగితే మళ్ళీ లేవటానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. ఎప్పుడూ వచ్చే నలుగురు, తర్వాత క్యాంపు పిల్లలు, చివరికి ఆటోలో అరుణకుమారి కవలలు. నాలుగింటికి మల్లేశ్వరరావు గుమ్మంలో నిలబడి చూపుడు వేలితో లెక్కపెట్టాడు. తొమ్మిది దగ్గర వేలు ఆగింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు, పాపం, తప్పు లెక్కేమోనని.

"మాస్టారూ, మీ మొకమేటి అలగుంది?"

"ఎండకి."

"నాలుగున్నర దాకా సూద్దాం. నాను టీ కొట్టుకాడుంటాను."

మొదటి పేజీ చూసి పలకల మీద రాయమన్నాడు అప్పలసూరి. గొంతు తడారిపోయి మాట సరిగ్గా రాలేదు. తువ్వాలు తల మీద వేసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. ప్రతి ఆదివారం ఐదు నిమిషాలు అలా కళ్ళు మూసుకోవడం ఆయన అలవాటే, పిల్లలకు తెలుసు. కవలల్లో ఒకడు అప్పుడే చీటీ అంచు గోటితో గీకి కిందేముందో చూస్తున్నాడు. చూడనీ అనుకున్నాడు. ఫిలడెల్ఫియా పిల్లలు కూడా కాగితం వెనక ఏముందా అని తెగ ప్రయత్నించి చూసేవారట. శ్రుతి రాసింది. ఆ వాక్యం దగ్గర టైపు ఆపి చాలాసేపు కూర్చున్నాడు తను. పిల్లలు పిల్లలే. పలకల మీద బలపాల గీకుడు వినిపిస్తోంది. ఎంత బాగుందో ఆ చప్పుడు. బాగుంది అనుకున్నాడు, అంతే, తర్వాత ఏమీ అనుకోలేదు.

నాలుగూ ఇరవై ఐదుకి గేటు ముందు స్కూటీ ఆగింది. ప్రసూన ముందు, వెనక బిందు. ఆ మధ్యాహ్నం నూకమ్మ కూతురికి ఫోన్ చేసి అరగంట మాట్లాడింది, అంతా తెలుగులోనే. ముప్పై ఏళ్ళ మాటలు. ప్రసూనకు సగం అర్థమయ్యాయి, మిగతా సగానికి ఏడ్చింది.

బిందు చెప్పులు విడిచి లోపలికొచ్చింది. కుర్చీలో తాత నిద్రపోతున్నాడని చడీచప్పుడు లేకుండా గోడవార కూర్చుని, అక్కడున్న పుస్తకం తెరిచింది. మొదటి పేజీలో ఖాళీ డబ్బా. పక్క పిల్ల పుస్తకంలో బొమ్మ ఉంది, దీన్లో లేదు. అయితే గీయాలన్నమాట. పెన్సిలు తీసింది.

మల్లేశ్వరరావు టీ కొట్టునుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. వేలు ఒక్కొక్కరి మీదా ఆగుతూ పదికి వచ్చింది. మనిషి మొహం విచ్చుకుంది. "మాస్టారూ, పదీ అయినారు. గది మీదే" అన్నాడు.

కుర్చీలోంచి జవాబు రాలేదు. దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి తీసి, మళ్ళీ వేశాడు. తర్వాత పిల్లలవైపు తిరిగి, మెల్లగా, "అందరూ బయటికి పదండి బాబూ, నెమ్మదిగా" అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ ప్రసూనకు ఆ గొంతు వినగానే తెలిసిపోయింది.

వడదెబ్బ అన్నారు ఆస్పత్రిలో. కమిటీ మాట తప్పలేదు, పదిమంది ఉన్నారనే సంఘం పుస్తకంలో రాసుకుంది. కానీ చెప్పేవాడేడి? జూన్ ఒకటిన ఆ గదికి కోచింగ్ సెంటరు తాళం పడింది.

ఆ సాయంత్రం మాత్రం గదిలో ఎవరూ ఏమీ సర్దలేదు. పలకలు పడున్నచోటే పడున్నాయి. గోడవార చాప మీద పదో పుస్తకం తెరిచే ఉంది. అమ్మ అన్న మాట పైన డబ్బాలో ఒక గుండ్రటి మొహం, రెండు కళ్ళు, పెద్ద బొట్టు, నోరు ఇంకా పెట్టలేదు.