బస్సెక్కని రోజులు

కోదాడ బస్సు మునగాల దాటాక బోల్తా పడిందన్న వార్త వచ్చేసరికి ప్రవళిక మునగాల బడిలో పిల్లలకు లెక్కలు చెబుతోంది. సూర్యాపేట నుంచి రోజూ ఆమె వచ్చేది ఆ బస్సులోనే. ఆ పొద్దున కూడా అందులోంచే దిగింది. దారి పొడుగునా పక్కన కూర్చుని మనవరాలి ముచ్చట్లు చెప్పిన ముసలామె చనిపోయిందని సాయంత్రం తెలిసింది.

ఇంటికి ఎలా చేరిందో ఆమెకే తెలియదు. పడిపోయిన బస్సు వీడియో ఫోన్ నిండా తిరుగుతోంది. వద్దనుకుంటూనే మళ్ళీ మళ్ళీ చూసింది.

"నేనిగ బస్సెక్కనండీ. మీరే బండి మీద దింపాలె" అంది భర్తతో.

యుగంధర్‌కు సూర్యాపేటలో కరెంటు సామాన్ల దుకాణం ఉంది. "హైవే మీద బస్సు కంటె బండే డేంజర్, ప్రవళికా. రోజూ గిన్ని బస్సులు పోతున్నయ్, ఒక్కటి పడ్డదని..."

"ఆమె నా పక్కనే కూసున్నదండీ."

మర్నాడు పొద్దున అతను దుకాణం తెరవకముందే బండి బయటికి తీశాడు.

కిందటేడు కూడా ఇలాగే జరిగింది. పాప చదువు కోసం నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేస్తున్న డబ్బు, మార్కెట్ పడి తరిగిపోసాగింది. ఫోన్‌లో ఎర్ర అంకెలు చూస్తే ప్రవళికకు అన్నం సహించేది కాదు. ఉన్నదన్నా మిగలనీయండని ఏడ్చి, నష్టానికే తీయించింది. తర్వాత మార్కెట్ లేచింది. ఆమె పెద్దగా బాధపడలేదు. పడుతున్న అంకెలు కళ్ళముందు కనిపించాయి. రాకుండా పోయిన లాభం ఎక్కడా కనిపించలేదు.

బండి ప్రయాణం మొదలయ్యాక ఆమెకు ప్రాణం కుదుటపడింది. లారీలు మోచేతి పక్కనుంచే దూసుకుపోయేవి. భర్త భుజం మీద చెయ్యి ఉంటే చాలు, తనకేమీ కాదనిపించేది. ఏదైనా బస్సు ఎదురైతే మాత్రం కళ్ళు మూసుకునేది.

చలికాలం వచ్చింది. ఒక పొద్దున చివ్వెంల దాటేసరికి మంచు తెరలా దిగింది. మునగాల ఇంకా కొంత దూరం ఉండగా, ముందు ఏదో గుట్టలాంటిది కనిపించింది. వరిగడ్డి ట్రాక్టర్. వెనక లైటు లేదు.

"ఏమండీ!"

బ్రేకు పడింది. బండి జారింది. ప్రవళిక రోడ్డు పక్క మట్టిలో పడింది. తలెత్తి చూస్తే యుగంధర్ రోడ్డు మధ్యలో ఉన్నాడు, కదలడం లేదు. వెనక నుంచి లారీ హారన్. ఆమె లేవబోయింది. లారీ చివరి క్షణంలో పక్కకు తిరిగింది. దాని చక్రాలు అతని హెల్మెట్ పక్కనుంచే వెళ్ళిపోయాయి.

అతని చెయ్యి కదిలేదాకా ప్రవళిక ఊపిరి తీసుకోలేదు.

"నీకేం కాలేదు గద?" అన్నాడు, మూలుగుతూ.

వెనక వచ్చిన బస్సు ఆగింది. ప్రవళికను ఎరిగిన కండక్టర్ సుగుణమ్మ, ఇద్దరు ముగ్గురు ప్రయాణికులు దిగి అతన్ని లోపలికి చేర్చారు. ప్రవళిక మెట్టు దగ్గరే నిలబడిపోయింది.

"ఎక్కు టీచరమ్మా, కోదాడ దవాఖానకు పోదాం. గీడ నిలవడితె ఎట్ల?"

ఎక్కింది. దారంతా అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

భుజం ఎముక విరిగింది. అంతకు మించి ఏమీ కాలేదని డాక్టర్ చెప్పినా, ఆ చక్రాలు ఆమె కళ్ళముందు నుంచి పోలేదు.

ఆమె బడికి పెట్టిన సెలవు అయిపోయిన పొద్దున యుగంధర్ అడిగాడు. "భయమైతున్నదా ఇంక?"

"అయితున్నది. ఇప్పుడు బండన్నా భయమే, బస్సన్నా భయమే" అంది. "బస్సు కంటె బండే డేంజరని మీరు ఆ రోజు చెప్పింది నిజమే గని, నా భయానికి ఆ లెక్క తెల్వదు."

బస్టాండులో వచ్చిన మొదటి బస్సును వదిలేసింది. రెండోది ఎక్కింది. మునగాల వచ్చేదాకా ముందు సీటు కడ్డీ పట్టుకున్న చెయ్యి తీయలేదు.