ఉత్త చేతుల ఫోటో

స్టాంపు ప్యాడు మూత తీసి, ఎండిపోయిన గుడ్డ మీద మూడు చుక్కల నీళ్లు, ఒక చుక్క సిరా వేసి, జానీ మియా మొదట తన బొటనవేలే ఒత్తి చూసుకున్నాడు. పాత పేపరు అంచున ముద్ర పడింది. ఎక్కడా అలుక్కుపోకుండా గీతకు గీత తేలింది. తృప్తిగా తలూపి, కిటికీ ఊచకు వేలాడుతున్న దస్తీ కొసకు రెండు బొట్లు కొబ్బరినూనె పట్టించి వేలు తుడుచుకున్నాడు. ఏన్కూరులో గూడేలకు పనులు చేసిపెట్టే ఆ సొసైటీ ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా ఆయన రోజు మొదలయ్యేది ఇలాగే. సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు ఆ దస్తీని సబ్బు పెట్టి ఉతికి, అదే ఊచకు ఆరేసి వెళ్లేవాడు. ఎంత ఉతికినా గూడేల ముసలమ్మలందరి వేళ్ల నీలం దానిని పూర్తిగా వదల్లేదు.

మనిషి సన్నం. గడ్డానికి గోరింటాకు రంగు, కళ్లద్దాలకు నల్లదారం. చొక్కా జేబులో రెండు పెన్నులుండేవి. ఒకటి తను రాసుకోవడానికి, రెండోది అడిగినవాళ్లకు ఇవ్వడానికి. రెండోది నెలకోసారైనా పోయేది. అందుకు ఆయన ఎవరినీ ఏమీ అనేవాడు కాదు, ఇంకోటి కొనుక్కునేవాడు.

ఆయన పని అడగడం. అడవి అంచు గూడేల్లో బావి తవ్వించాలన్నా, వాగుకు అడ్డంగా కట్ట వేయించాలన్నా సొసైటీ దగ్గర సొంత డబ్బు ఉండదు. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న ఏదో ఫౌండేషను గ్రాంటు ఇవ్వాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ ఫౌండేషన్లు ఉత్తినే అడిగినా పెట్టవు, వాళ్లకు నచ్చినట్టు అడగాలి. ఆ విద్య జానీ మియాకు వేలికొసల మీద ఉండేది. రేగుబండ గూడెంలో వాననీటిని ఆపే ఒక్క మట్టికట్ట కోసం ఆయన ఒక ఏడాది మహిళా సాధికారత కింద, మరో ఏడాది పౌష్టికాహారం కింద, ఆ తర్వాత వాతావరణ మార్పుల కింద అప్లికేషన్లు రాశాడు. కట్ట అదే, జాగా అదే. ఏ ఎండకా గొడుగు పట్టాడంతే. చివరికి వాతావరణం గొడుగు కిందనే మంజూరైంది. ఒకే పూటలో ఆడవాళ్లతో మూడుసార్లు చీరలు మార్పించి మూడు మీటింగుల ఫోటోలు తీయించిన ఘనత కూడా ఆయనదే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నవ్వొచ్చేది, ఆ వెనకే కాస్త సిగ్గేసేది.

ఈ రోజు ఆయనకు ఆఫీసులో ఆఖరి రోజు. ఆయన జీతానికి ఆధారమైన ప్రాజెక్టు ఈ మార్చితో ముగుస్తోంది. వైరా బస్టాండు పక్కన బావమరిది ముస్తకీమ్‌కు జిరాక్సు షాపు ఉంది, అందులో కూర్చోవడానికి ఒప్పుకున్నాడు. భార్య బేగం వారం కిందటే సామానుతో వైరా చేరింది. రంజాను ఉపవాసం చివరి పది రోజులు ఆవిడ చేతి వంట లేకుండానే గడిచిపోతున్నాయని తప్ప జానీ మియాకు పెద్ద దిగులేమీ లేదు. దిగులంతా ఒక్క అప్లికేషను గురించి.

అది కూడా రేగుబండదే. ఆ కోయగూడెంలో జంపక్క నాయకురాలిగా తొమ్మిది మంది ఆడవాళ్ల సంఘం ఉంది. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు ఏరి, ఆరబెట్టి అమ్ముకుంటారు. ఆరబెట్టడానికి వాళ్లకు చోటు లేదు, తారురోడ్డు మీద పరుస్తారు. నిరుడు ఒక్క మధ్యాహ్నం గాలివానకు నెల రోజుల కష్టం కుళ్లి, గుడ్లపల్లి వైపు కాలువలో కొట్టుకుపోయింది. సిమెంటు కల్లం, దాని మీద రేకుల షెడ్డు కావాలని ఈసారి అడుగుతున్నారు. గడువు ఈ సాయంత్రం అయిదు గంటలు.

ఫారం అంతా పూర్తయింది. 'ఈ పనికి ఎదురయ్యే ప్రమాదాలేమిటి' అన్న గడిలో ఆడవాళ్లు చెప్పినట్టే 'ఎలుగుబంటి' అని రాశాడు. ఇప్పపువ్వంటే ఎలుగుకు ప్రాణం మరి. ఇక మిగిలింది తొమ్మిది వేలిముద్రలు, ఒక ఫోటో. ఫోటో వారం రోజుల లోపలిదై ఉండాలి, అందులో సంఘం సభ్యులు పని చేస్తూ కనిపించాలి.

అక్కడే చిక్కుపడింది. నిరుడు మార్చి రెండోవారానికే ఆ గూడెంలో ఇప్పపువ్వు కొత్త అయిపోయింది. కొత్త అంటే, ఆ ఏటి పువ్వును ముందు దేవతకు పెట్టి, తర్వాతే మనుషులు ముట్టుకునే పండుగ. దాన్ని నమ్ముకునే జానీ మియా ఫోటోను చివరకు ఉంచాడు. ఈ ఏడాది పక్క గూడెంలో చుట్టాల చావు వల్ల పెద్దమనిషి బొజ్జయ్య కొత్తను ఆదివారానికి జరిపాడు. ఈ రోజు గురువారం. పంతొమ్మిదేళ్లుగా ఆ గూడేల్లో తిరుగుతూ కొత్తకు క్యాలెండరు ఉండదన్న సంగతి మరిచిపోయినందుకు ఆయన పొద్దుటి నుంచీ తనను తానే తిట్టుకుంటున్నాడు.

సొసైటీ డైరెక్టరు రాంబాబు పది గంటలకు ఒక బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో షావుకారు దగ్గర కొన్న నిరుటి ఇప్పపువ్వు ఉంది. చెట్ల కింద ఈ బుట్ట పెట్టి, ఏరుతున్నట్టు వాళ్లను కూర్చోబెట్టి ఫోటో తియ్యమన్నాడు. రాంబాబు చెడ్డవాడు కాదు. ఆ షెడ్డు రాకపోతే వానాకాలం దాకా నిద్రపోని మనిషి. వచ్చేవారం చేసే పనినే ఈ వారం చూపిస్తున్నామని, ఇందులో అబద్ధమేమీ లేదని ఆయన వాదన. జానీ మియాకు అది సబబుగానే తోచింది. స్టాంపు ప్యాడు సంచిలో వేసుకుని, దస్తీ భుజాన వేసుకుని, బుట్ట ఒళ్లో పెట్టుకుని, గూడేల పని చూసే శారద స్కూటీ వెనక ఎక్కాడు.

పదహారు కిలోమీటర్ల దారిలో చివరి మూడు మట్టిబాట. బండి గుంటలో పడినప్పుడల్లా ఆయన ఒక చేత్తో టోపీని, ఒక చేత్తో బుట్టను పట్టుకున్నాడు. బండిని పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదే అని శారద నవ్వింది. గూడెం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఇప్పచెట్ల కింద పువ్వు అటుకులు ఆరబోసినట్టు రాలి ఉంది. తియ్యటి బరువైన వాసన. మేకలను దూరంగా తోలుతున్నారు గానీ పువ్వు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు, పిల్లలు కూడా పక్కనుంచే తిరిగి వెళ్తున్నారు.

ముందు వేలిముద్రలయ్యాయి. ఒక్కొక్కరి బొటనవేలినీ తనే పట్టుకుని ప్యాడు మీద ఒత్తి, కాగితం మీద అటు నుంచి ఇటు దొర్లించి, నూనె పట్టించిన దస్తీతో గోరు సందు దాకా తుడిచాడు. వేలికి సిరా మిగిలితే అన్నం తినేటప్పుడు వాళ్లకు వెగటు అని ఆయన పట్టింపు. మిగతా ఆఫీసుల్లో వాళ్ల వేళ్లు గోడలకే తుడుచుకోవాలి.

ఆ తర్వాత బుట్ట చూపించి సంగతి చెప్పాడు. ఆడవాళ్లు కోయ భాషలో తమలో తాము మాట్లాడుకున్నారు. బొజ్జయ్య కాస్త దూరంగా మంచం పట్టె మీద కూర్చుని నేలవైపు చూస్తున్నాడు. చివరికి జంపక్క ముందుకు వచ్చింది.

"నువ్వు చెప్తే కూసుంటం సాయిబన్నా. నీ మాట ఎన్నడన్న తీసేసినమా? బుట్టల ఉన్నయి పోయినేటియే గద."

మాట అన్నది గానీ ఆమె ముఖంలో వెలుగు లేదు. తొమ్మిది మందీ ఆయన నోటివైపే చూస్తున్నారు. షెడ్డు వాళ్లకు కావాలి, నిరుటి వాన ఎవరూ మరిచిపోలేదు. జానీ మియా నాలుక అంగిటికి అంటుకుపోయింది. అది ఎండ వల్లే అనుకుని, జంపక్క ముంత నిండా నీళ్లు తెచ్చి ఇచ్చింది. రంజాను రోజా ఉన్నానని ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మొకం గుంజుకపోయింది. తాగరాదు? గీ అడివిల ఎవరు చూస్తరు నిన్ను?"

"ఎవరు చూడకున్నా గంతే జంపక్కా. పొద్దు గూకాలె."

ఆమె నవ్వి ఆ నీళ్లు కోళ్లకు పోసింది. జానీ మియా మాత్రం నవ్వలేదు. తన నోట్లోంచి వచ్చిన మాట తనకే వినబడింది. కళ్ల ముందు నీళ్లున్నా తాగకుండా ఉండడమేమిటో ఇరవై అయిదు రోజులుగా తనకు తెలుసు. కళ్ల ముందు పువ్వు రాలుతున్నా ముట్టకుండా ఉండడమేమిటో వీళ్లకూ తెలుసు. తన పొద్దు తను గూకనిస్తూ, వీళ్ల పొద్దును ముందే గూకించడానికి బుట్ట పట్టుకొచ్చాడు. ఆయనకు నిజంగా సిగ్గేసింది, చెవులు వేడెక్కేంత సిగ్గు.

"శారదా, బుట్ట బండిల పెట్టు బిడ్డా," అన్నాడు. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగాడు. "కొత్త కానియ్యిండ్రి. ఏం ముట్టొద్దు. పువ్వు పక్కన గిట్లనే కూసోండ్రి, ఉత్త చేతులతోటి."

ఒక్కసారిగా అందరికీ మాటలొచ్చాయి. ఒకామె తల దువ్వుకుంటానంది, ఒకామె ముక్కుపుల్ల తెచ్చుకోవడానికి ఇంటికి పరుగెత్తింది. సంఘంలో సభ్యుడు కాని బొజ్జయ్య కూడా తలగుడ్డ సవరించుకుని వరుస చివర వచ్చి కూర్చున్నాడు. ఆయనను లేవమనే ధైర్యం శారదకు లేకపోయింది. రాలిన పువ్వు అంచున పదిమంది, ఒళ్లో చేతులు పెట్టుకుని, కెమెరా వైపు చూశారు. జానీ మియా నాలుగు ఫోటోలు తీశాడు. నాలుగింటిలోనూ ఒక మేక ఉంది.

తిరుగుదారిలో శారద అడిగింది, ఈ ఫోటో చెల్లుతుందా అని.

"చెల్లకపోతే మల్లొచ్చే ఏడు రాస్తవు," అన్నాడు జానీ మియా. "నేను కాదు, నువ్వు."

ఆఫీసుకు వచ్చేసరికి నాలుగు దాటింది. నెట్టు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. దస్తీని ఊచకు తగిలించి ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఫోటో కింద రాయడానికి చిన్న గడి ఉంది. ఎప్పుడూ అక్కడ 'సాధికారత దిశగా మహిళలు' లాంటిదేదో రాసేవాడు. ఈసారి కాసేపు ఆలోచించి తన పాత ఇంగ్లీషులో రాసిన దానికి తెలుగు ఇది: 'ఈ ఫోటోలో ఎవరూ పని చేయడం లేదు. ఆదివారం పండుగ అయ్యేదాకా ఈ పువ్వు ఎవరూ ముట్టరు. ఫోటో కోసం ముట్టమని మేమూ అడగదలుచుకోలేదు. ఆదివారం తర్వాత ఎప్పుడైనా వచ్చి చూడండి.' అయిదుకు తొమ్మిది నిమిషాలుండగా పంపేశాడు.

రాంబాబు వెనక నిలబడి అంతా చదివాడు.

"పంతొమ్మిదేండ్లు మస్తు రంగులేసి రాసినవు మియా. పోయే రోజు నిజం రాస్తే ఎట్ల?" అన్నాడు. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఆ తర్వాత రాంబాబు తనే బయటికి వెళ్లి ఖర్జూరాలు, పుచ్చకాయ తెచ్చాడు. మసీదు నుంచి అజాన్ వినపడగానే జానీ మియా మొదటి ఖర్జూరం నోట్లో వేసుకుని, గ్లాసెడు నీళ్లు ఒక్క గుక్కలో తాగాడు. ఆ నీళ్లు ఎప్పటికంటే చల్లగా అనిపించాయి.

ఏడింటి వైరా బస్సు ఆ రోజు టైముకే వచ్చింది. తాళాలు శారద చేతిలో పెట్టి, మూడు చుక్కల నీళ్లు, ఒక్క చుక్క సిరా, ఎక్కువైతే అలుక్కుంటుందని చెప్పి, సంచి తీసుకుని ఎక్కాడు. కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే ఏదో మరిచినట్టు అనిపించింది. అదేమిటో గుర్తొచ్చేలోపే బస్సు మలుపు తిరిగింది.

శ్రావణంలో ఫౌండేషను నుంచి భవాని అనే అమ్మాయి వచ్చింది. వందల ఫోటోల్లో అందరూ ఏదో ఒకటి చేస్తున్నారని, ఏమీ చెయ్యనిది ఇదొక్కటేనని, అందుకే ఆగి చదివానని చెప్పింది. రేగుబండ వెళ్లి, చెట్లు చూసి, ఎలుగుబంటి గురించి మూడుసార్లు అడిగి తెలుసుకుని వెళ్లింది. నెల తిరగకుండానే షెడ్డు మంజూరైంది. శారద వైరాకు ఫోను చేస్తే, జిరాక్సు మిషను చప్పుడులో జానీ మియా మొదట అడిగింది ఒక్కటే, ప్యాడు తడిపావా అని.

ఒప్పందం మీద వేలిముద్రలు వెయ్యడానికి తొమ్మిది మందీ ఏన్కూరు వచ్చారు. శారద మూడు చుక్కలే వేసింది, ముద్రలు శుభ్రంగా పడ్డాయి. తుడవడానికి గుడ్డ ఏదీ అని ఆమె సొరుగులు వెతుకుతుంటే, జంపక్క తనే కిటికీ దగ్గరికి వెళ్లింది. అక్కడ ఊచకు జానీ మియా ఆఖరి రోజు ఉతకకుండా వదిలేసిన దస్తీ ఉంది, ఆ తొమ్మిది మంది వేళ్ల నీలి మరకలతో గట్టిపడి, ఇంకా కాస్త కొబ్బరినూనె వాసనతో.