రెండో బ్యాటరీ

"ఛార్జింగ్ పెట్టావా, లేక అదీ నేనే చూసుకోవాలా?" కిటికీలోంచి ఆయనగారి గొంతు వినపడేసరికి ఆమె క్యాంపర్ వ్యాన్‌లో సీటు కింద తల దూర్చి ఉంది. ఆయన ఏనాడూ చూసుకున్నది లేదు. బండి కొన్నది ఆయన, నడిపేది ఆయన, ఫొటోల్లో దానికి ఆనుకుని నిలబడేదీ ఆయనే. ఇంజన్‌ని లేపే బ్యాటరీ ముందు ఉంటుంది, దాని మంచీ చెడూ మెకానిక్ చూస్తాడు. సీటు కింద ఉండే ఈ రెండో బ్యాటరీతో లోపలి దీపాలు, ఫ్యాను, ఫ్రిజ్, నీళ్ళ పంపు నడుస్తాయి. అంటే వంటా, గిన్నెలూ, పక్కలూనూ. అందుకని అది ఎవరూ చెప్పకుండానే ఆమె వంతుకు వచ్చింది.

మూతలు విప్పి, తగ్గినచోట డిస్టిల్డ్ వాటర్ పోసి, ఎర్ర క్లిప్పు ఒకవైపు, నల్ల క్లిప్పు ఒకవైపు తగిలించి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టింది. ఛార్జింగ్ ఎక్కేటప్పుడు బ్యాటరీలోంచి గ్యాస్ వస్తుంది కనక పక్క తలుపు బార్లా తీసి ఉంచింది. ఆయన అటుగా వెళ్తూ "దుమ్ము పడుతుంది" అని దాన్ని లాగి మూసేశాడు. ఆమె వచ్చి తీసింది. కాసేపటికి చూస్తే మళ్ళీ మూసి ఉంది. ఎందుకు తీసి ఉంచాలో ఇదివరకు ఎన్నోసార్లు చెప్పింది. ఆమె మాట ఆయన చెవికి ఎక్కిందెప్పుడు గనక!

పైగా ఈల వేస్తున్నాడు. ఆయన కసిరితే ఆమెకు భయం లేదు, దానికి ఒళ్ళు అలవాటు పడిపోయింది. ఆయన హుషారుగా ఉన్న రోజునే భయమేస్తుంది. క్రితంసారి బయల్దేరేటప్పుడు కూడా ఇలాగే ఈల వేశాడు.

ఆసారి చెరువు ఒడ్డున ఆగారు. పక్క బండిలో వచ్చిన ముసలి దంపతులతో ఆమె కాస్త నవ్వుతూ మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఇప్పుడు గుర్తు కూడా లేదు, వాళ్ళ కుక్క గురించే అయ్యుంటుంది. వాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆయన దూరం నుంచి చూస్తూ నిలబడ్డాడు. వెళ్ళాక, బ్యాటరీ పక్కనున్న మెయిన్ స్విచ్ పిడి తిప్పి, లాగి జేబులో వేసుకున్నాడు. దిగి, తలుపుకు బయటనుంచి తాళం వేసి షికారుకు వెళ్ళాడు. ఫ్యాను ఆగిపోయింది. మధ్యాహ్నపు ఎండ, రేకు పెట్టెలాంటి బండి. పిలిచింది, తలుపు కొట్టింది, తర్వాత ఊపిరి దండగ చేసుకోకూడదని ఊరుకుంది. పొద్దు వాలాక వచ్చి తలుపు తీసి, "కాస్త ప్రశాంతంగా ఉందిగా నీకు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇంటికొచ్చాక చుట్టాలందరి ముందూ, "మా ఆవిడ ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయింది, ఉడికిపోయాం" అని చెప్తే అందరూ పకపకలాడారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఆయన మీద కాదు, తన మీద.

ఈసారి సామాను చూస్తే అంతు పట్టడం లేదు. డబ్బాల మీద డబ్బాలు, చలికాలపు దుప్పట్లు. ఇంకా ఎండలే తగ్గలేదు, దుప్పట్లెందుకు? "ఎప్పుడొస్తామండీ?" అని పొద్దున అడిగితే, "అప్పుడే తిరుగు ప్రయాణమా? తొందరేముంది" అన్నాడు. "నీ ఫోను ఇంట్లో వదిలెయ్. అడవిలో సిగ్నల్ ఉండదు, మోసుకెళ్ళి ఏం చేస్తావు?" అని కూడా అన్నాడు. వరండాలో కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతున్న అత్తగారు తల ఎత్తకుండా, "వాడు నిన్ను తిప్పుతానంటే సంతోషించక ఆ ప్రశ్నలేమిటే అమ్మాయ్" అంది. సూది మాత్రం ఒక్క క్షణం ఆగింది.

ఎండ దిగుతుండగా ఆమె ఫోను మోగింది. కళ్ళ డాక్టరమ్మ. డాక్టరమ్మ ఆసుపత్రిలోనే ఈమె ఉద్యోగం. అద్దాలు మార్చి మార్చి పెట్టి, అక్షరాలు ఎవరికి ఎంతవరకు కనిపిస్తున్నాయో చూసే పని.

"ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అంది డాక్టరమ్మ, జబ్బుమనిషితో మాట్లాడినంత మెల్లగా.

"నాకేమైందండీ?"

"మీ ఆయన వచ్చారు కదా. నీకు మనసు బాగుండటం లేదని, ఇక ఉద్యోగానికి రావని చెప్పారు. నీ తెల్లకోటు, టిఫిన్ డబ్బా పట్టుకెళ్ళారు. నీకు తెలుసనే అనుకున్నాను. రేపు నీ చోటికి కొత్తమ్మాయి వస్తోంది. ఎందుకో నీ నోట వినకుండా ఉండలేకపోయాను."

దుప్పట్లు, ఫోను, తొందరేముంది అన్న మాట, అన్నీ ఒక్కచోటికి చేరాయి. పనిలో ఎదురుచూసేవాళ్ళు లేరు. పిచ్చిదంటే నమ్మేవాళ్ళున్నారు. తను ఈ బండి ఎక్కితే, ఎప్పుడొస్తుందని అడిగే మనిషి ఇక ఎవరూ మిగలరు. అంతా సిద్ధం చేశాడు. తనను బంధించబోయే ఆ రేకు పెట్టెకు కావలసిన కరెంటు మాత్రం తన చేతే నింపిస్తున్నాడు.

"ఏమోయ్, కానీ! ఎక్కు," అంటూ ఆయన తాళాలు ఆడిస్తూ గేటు తీశాడు.

ఆమె ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. ఇంట్లోకి వెళ్ళి, రానని నిదానంగా చెప్పాలనుకుంటే అది ఎన్నటికీ తన వల్ల కాదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. వీధిలో అయితే ఎదురింటి ఆవిడ మొక్కలకు నీళ్ళు పోస్తోంది, సైకిళ్ళ మీద పిల్లలు పోతున్నారు. ముందు ప్లగ్గు పీకి, తర్వాత క్లిప్పులు తీసి చుట్ట చుట్టింది. బండిలోంచి తన సంచీ ఒక్కటీ దించుకుని గేటు దాటి వీధిలో నిలబడింది.

"డాక్టరుగారూ, రేపు నేను వస్తున్నాను. ఫోను పెట్టెయ్యకండి, ఒక్క నిమిషం వింటూ ఉండండి."

ఆయన ఈల ఆగిపోయింది. ఆమె చేతిలో సంచీని, చెవి దగ్గరి ఫోనును మార్చి మార్చి చూశాడు. "ఏమిటది? ఎవరితో? బ్యాటరీ నిండిందా లేదా?" అన్నాడు, పళ్ళ బిగువున.

ఆమె గొంతు పెంచింది. ఎదురింటి ఆవిడ నీళ్ళు పోయడం ఆపి ఇటు చూసింది.

"నిండిందండీ. మీ ఒక్కరికే కదా, చాలా రోజులొస్తుంది."