అక్క మూలుగ

అక్క కారు నడపడం నేర్పుతుంది. తన కాలికింద కూడా ఒక బ్రేకు పెట్టుకుని, పక్క సీట్లో కూర్చుని పొద్దస్తమానం తిడుతుంది. నేర్చుకునేవాళ్ళు ఆమెకి బ్రేకమ్మ అని పేరు పెట్టారు. అలాంటి మనిషి తమ్ముడి ఆసుపత్రి గదిలో అడుగుపెట్టినప్పటినుంచి పల్లెత్తు మాట అనలేదు. మాస్కు కట్టుకుని, నోట్లో నాలుక లేనిదానిలా మంచం పక్కన కూర్చుంటోంది.

తమ్ముడి రక్తంలో కేన్సర్. బలమైన మందులతో దాన్ని చంపుతుంటే అతని ఎముకల్లోని మూలుగ కూడా పోయింది. అక్క తుంటి ఎముకలోంచి మూలుగ తీసి అతనికి ఎక్కించారు. అది నాటుకుని కొత్త తెల్లకణాలు పుట్టాలి. పుట్టకపోతే మామూలు జలుబుకే మనిషి దక్కడు.

ఎక్కించేముందు డాక్టరమ్మ చెప్పింది, "ఇవి మీ కణాలమ్మా. ఆ ఒంటిని తమదనుకుంటే ఫరవాలేదు. పరాయిదనుకుంటే దెబ్బలాటకి దిగుతాయి. దిగకుండా మాత్రలిస్తాం."

అక్కకి పాత గొడవ గుర్తొచ్చింది. అమ్మ నడిపిన పాత కారుని తనకి చెప్పకుండా తుక్కుకిచ్చేశాడని ఏళ్ళతరబడి తమ్ముడితో మాటలు మానేసింది. ఆ కోపం మూలుగలోకి కూడా ఇంకి ఉంటుందని, లోపల వాణ్ణి పీక్కుతింటుందని ఆమె భయం. మనిషికి ఎన్ని రకాల పిచ్చో. ఎవరికైనా చెబితే నవ్విపోతారని నోరు మూసుకుని, శాంతంగా ఉండాలని కంకణం కట్టుకుంది.

రోజూ పొద్దున్నే నర్సు వచ్చి రక్తం తీసుకెళుతుంది. కణాలింకా రాలేదంటుంది. తమ్ముడి నోరంతా పుళ్ళు. గుటక వేయడమే నరకం. గిన్నె పక్కకి తోసేస్తాడు. "పోనీలే నాన్నా, తర్వాత తిందువుగాని" అంటుంది అక్క. అతను గోడవైపు తిరిగి పడుకుంటాడు. విసుక్కోవడానికి కూడా ఇద్దరికీ ఓపిక లేదు.

ఆ రోజు దుప్పటి సర్దుతుంటే తలగడ కింద మాత్రలు దొరికాయి. దెబ్బలాట ఆపే మాత్రలే.

"ఎందుకు మింగలేదు?"

"దేనికిలే అక్కా. నేను పోతానని నీకు చెప్పేశారుగా. లేకపోతే నువ్వు నన్ను నాన్నా అంటావా?"

 అక్కకి కట్ట తెగింది. "ఒరేయ్ బుద్ధి తక్కువ వెధవా, నా ఎముకలో సూదులు గుచ్చించుకుని ఇచ్చింది నువ్వు మాత్రలు తలగడ కింద దాచుకోడానికా? నా కోపం నిన్ను తినేస్తుందని నోరు కుట్టేసుకుని చస్తున్నాను" అని తిట్టి తిట్టి, చివరికి ఏడ్చేసింది.

తమ్ముడు నవ్వబోయి, పుళ్ళు మండి మూలిగాడు. "తిట్లు వినపడితేగాని ప్రాణం లేచిరాలేదు" అన్నాడు. అక్క నర్సుని పిలిచి మాత్రల సంగతి చెప్పింది. ఆ మందు సెలైన్లో ఎక్కించారు.

కొన్నాళ్ళకి తెల్లకణాలు కనపడ్డాయి. అతని అరచేతుల్లో దద్దుర్లూ లేచాయి. దెబ్బలాట మొదలైందని అక్క డాక్టరమ్మ కోసం పరిగెత్తింది.

డాక్టరమ్మ చేతులు తిప్పి చూసింది. "నాటుకున్నాయమ్మా. మీ కణాలు కాస్త సణుగుతున్నాయి, అంతే. ఆ మాత్రం సణగడం మంచిదే. దాక్కున్న జబ్బు కణాల్ని పట్టుకునేది కూడా అవే. శ్రుతి మించకుండా నేను చూసుకుంటాను."

ఆమె వెళ్ళాక తమ్ముడు అరచెయ్యి చూపించాడు. "నీ పనే."

"చెయ్యి దించు, గొట్టం లాక్కుపోతోంది" అంది అక్క. మాస్కు తడిసిపోయింది. "కారు సంగతి నేనింకా మర్చిపోలేదు. ఇంటికి రా, తేల్చుకుందాం."

"వస్తాను" అన్నాడు తమ్ముడు.